గుణం ఎవరి సొత్తు? చచ్చిన గొడ్డు, కల్లు, శీలం: కొంత చరిత్ర

"కులం కన్నా గుణం ప్రధానం" అని మనకొక సామెత ఉంది. బడి గోడల మీద రాస్తారు, సభల్లో పెద్దలు వల్లిస్తారు. వినడానికి చాలా ఉదారంగా ఉంటుంది. కానీ ఈ మాట ఎవరు ఎవరి గురించి అంటారో కాస్త గమనించండి. ఊళ్లో కామందు గురించి "ఆయన కులం సంగతి వదిలెయ్యండి, గుణం మాత్రం బంగారం" అని ఎవరూ అనరు. ఆయన గుణానికి పుట్టుకతోనే పట్టా అయిపోయింది. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో ఒకడు చదువుకుని పైకొస్తే మాత్రం, వాడు తాగడు, అబద్ధమాడడు, శుభ్రంగా ఉంటాడు అని లెక్కపెట్టి చివర్న ఈ సామెత తగిలిస్తారు. అంటే వాడి కులం నుంచి రావాల్సింది దుర్గుణమేననీ, వీడెవడో తప్పిపుట్టాడనీ అర్థం. మిగతావాళ్లు తమ గుణాన్ని ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు. మనం రోజూ, ప్రతి గుమ్మం ముందూ చెయ్యాలి.

ఇది ఒక పక్క. రెండో పక్క ఇంకో విషయం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం మాకిష్టం లేదు. తాగొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, ఆడపిల్లను జోగినిగా వదలొద్దు, మాట మీద నిలబడండి, ఒళ్లూ ఇల్లూ శుభ్రంగా ఉంచుకోండి అని మనవాళ్లకు చెప్పినవాళ్లలో మన నాయకులూ ఉన్నారు. అంబేడ్కర్ చెప్పాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి చెప్పారు. మరి వీళ్లు చెప్పినదానికీ ఊరి పెద్దలు చెప్పేదానికీ తేడా ఏమిటి? యూనివర్సిటీ పండితులు దీనికి "సంస్కృతీకరణ" అని ఒక పేరు పెట్టి ఊరుకున్నారు. కింది కులాలు పై కులాల అలవాట్లు పట్టుకుని పైకెక్కాలని చూడటమే ఇదంతా అని ఎం.ఎన్. శ్రీనివాస్ దగ్గర్నుంచి వస్తున్న మాట. ఎర్రజెండా మిత్రులేమో సంస్కరణవాదం అని ఒక్క ముక్కలో కొట్టేశారు. ఇద్దరూ వెలివాడ లోపలికొచ్చి చూసిన పాపాన పోలేదు. మంచితనం అనేది తిండిగింజల్లాగా, నీళ్లలాగా పోరాడి తెచ్చుకోవాల్సిన విషయం కూడా అయ్యే పరిస్థితి ఒకటుంటుందని వీళ్లకు తోచలేదు.

ముందు, పైనుంచి గుణం నేర్పడం ఎలా ఉంటుందో చూద్దాం. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా పాకింది. ఒక మనిషి ఏం చేశాడన్నదానితో పని లేకుండా, ఎవరికి పుట్టాడన్నదాన్ని బట్టి దొంగ అని నిర్ణయించే చట్టం అది. మన తెలుగు జిల్లాల్లో ఎరుకల కుటుంబాలను పట్టుకొచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అలా పుట్టిందే. 1913 ప్రాంతంలో దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హాజరు వెయ్యాలి, అడక్కుండా పొలిమేర దాటకూడదు, చెప్పిన పని చెయ్యాలి, ప్రార్థన చెయ్యాలి. దీన్ని వాళ్లు శీల నిర్మాణం అన్నారు. చట్టం 1952లో రద్దయింది. పేరు మీది మచ్చ మాత్రం పోలేదు. ఆ ఊరివాడినని చెప్పుకోవడానికి వెనకాడే పిల్లలు ఆ తర్వాత ఎన్ని తరాలు పుట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు. గుణాన్ని ఒకడి చేతిలోంచి లాగేసి, తిరిగి వాడికే కాస్తకాస్తగా, కాపలా పెట్టి ఇవ్వడం: పైనుంచి నేర్పే నీతి పద్ధతి ఇదే.

ఇప్పుడు మహాడ్‌కు వెళ్దాం. 1927 మార్చి 19, 20 తేదీల్లో కొంకణ్ ప్రాంతంలోని కొలాబా జిల్లా మహాడ్‌లో అస్పృశ్యుల సభ జరిగింది. అందరికీ గుర్తున్నది రెండో రోజు: అంబేడ్కర్ వెంట జనం బారులు తీరి చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగడం. బొంబాయి శాసనమండలి 1923లోనే బోలే తీర్మానం చేసింది. ప్రజల సొమ్ముతో నడిచే నీటి వనరులు అస్పృశ్యులకూ తెరవాలని దాని సారాంశం. 1924లో మహాడ్ మునిసిపాలిటీ ఆ తీర్మానాన్ని ఒప్పుకుంది కూడా. కాయితం మీద చెరువు మనదే. తాగబోతే తలలు పగిలాయి. గుడిలోకి కూడా దూరబోతున్నారని పుకారు పుట్టించి, తిరిగి వెళ్తున్నవాళ్ల మీద పడి కొట్టారు. తర్వాత ఆవుపేడ, ఆవుమూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు చెరువులో పోసి మంత్రాలు చదివి శుద్ధి చేసుకున్నారు. మనిషి తాగితే మైలపడ్డ నీళ్లు పేడ పోస్తే శుభ్రమయ్యాయన్నమాట. ఆ చెరువు మీద కోర్టు వ్యవహారం పదేళ్లు సాగి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టులో మనవైపు తేలింది.

మేం ఇక్కడ చెప్పదలచుకున్నది మొదటిరోజు గురించి. ఆ రోజు అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో ఎక్కువ భాగం చెరువు గురించి కాదు. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యండి, విసిరేసిన ఎంగిలి కూటికి చెయ్యి చాచకండి, మనలో మనకున్న ఎక్కువతక్కువలు వదలండి, మాటతీరు, నడవడిక, ఆలోచన మార్చుకోండి అని. పైపైన చదివితే ఏ మఠాధిపతో చెప్పినట్టే ఉంటుంది. కానీ ఆ మాట ఎవరి నడ్డి విరుస్తుందో చూడాలి.

మహార్లు ఊరికి వతన్‌దార్లు. అంటే ఊరి చాకిరీ వాళ్లకు వంశపారంపర్యం. కబురు మోయడం, సర్కారు మనుషుల మూటలు మోయడం, హద్దులు చూపించడం, చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్వడం. 1874 నాటి బొంబాయి వారసత్వ ఉద్యోగాల చట్టం దీనికి సర్కారు ముద్ర వేసింది. బదులుగా కాస్త భూమి, ఇంటింటా అడుక్కునే రొట్టె ముక్క, చచ్చిన గొడ్డు మాంసం. మన పక్క మాదిగలూ మాలలూ చేసిన వెట్టికి ఇది అన్నదమ్ముల వరస. మా ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పిన సంగతులు దీనికి ఏమీ దూరం కావు: దొర గొడ్డు చచ్చిందని కబురొస్తే అర్ధరాత్రయినా లేచి వెళ్లాలి. వెళ్లనంటే గడ్డివాములో దోపిన కొరవి తిరిగి మన గుడిసె మీదికే వస్తుంది. మాంసం ఉంది కదా, కూలీ ఎందుకు అనేది దొర లెక్క. అంటే ఆ మాంసం తిండి ఒక్కటే కాదు, అది జీతం. ఆ జీతం తీసుకున్నంతకాలం చాకిరీ ఒప్పుకున్నట్టే లెక్క. కాబట్టి "చచ్చిన గొడ్డు తినం" అనడమంటే "చచ్చిన గొడ్డును మొయ్యం" అనడం. నాలుకను అదుపులో పెట్టుకోవడంతో మొదలైన మాట ఊరి కట్టుబాటును తెంచుకోవడం దాకా వెళ్లింది. మహాడ్ తర్వాత కొంకణ్ పల్లెల్లో మహార్లు అలా చెయ్యబోయినచోట ఊళ్లు ఊరుకోలేదు. కూలీ ఇవ్వమన్నారు, పచ్చిక బీడు ఎక్కనివ్వమన్నారు. ఎవడో ఒకడు మాంసం మానేస్తే ఊరికెందుకంత నెప్పి? నిజంగా గుణమే కావాలంటే సంతోషించాలి కదా!

దీని మీద అంబేడ్కర్ 1956 అక్టోబరు 15న నాగపూర్‌లో, అంటే బౌద్ధం తీసుకున్న మర్నాడు, ఒక సంగతి గుర్తుచేసుకున్నాడు. చచ్చిన గొడ్లను మొయ్యొద్దని ప్రచారం చేస్తున్న రోజుల్లో "కేసరి" పత్రికలో కొందరు లెక్కలు కట్టి ఉత్తరాలు రాశారట. ఒక ఊళ్లో ఏడాదికి యాభై గొడ్లు చస్తే, తోలు, కొమ్ములు, డెక్కలు, ఎముకలు, మాంసం, తోక అంతా కలిపి ఐదొందల రూపాయలు వస్తుంది, అంబేడ్కర్ తన జనాన్ని ఆ లాభానికి దూరం చేస్తున్నాడు అని. సంగమనేర్ సభలో ఇదే మాట చీటీ మీద రాసి పంపిన ఒకాయనకు ఆయన బహిరంగంగానే జవాబిచ్చాడు. అంత లాభసాటి వ్యాపారమైతే మీవాళ్లే చేసుకోండి, పైగా నేను ఇంకో ఐదొందలు కలిపి ఇస్తాను అన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఈ కథ విన్నప్పుడల్లా మాకు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు మండుతుంది కూడా. మన పేదరికం మీద పుణే పత్రికకు అంత బెంగ ఎప్పుడు పుట్టింది? మనం మానేస్తామన్నప్పుడు.

ఇక్కడే ఇంకో తారీఖు పక్కన పెట్టి చదవాలి. 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం జరిగింది. ఆ వెంటనే అంటరానితనం పోగొట్టడానికని ఒక సంఘం పెట్టారు. తర్వాత అదే హరిజన సేవక్ సంఘ్ అయింది. నవంబరు 14న, రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో పోతూ అంబేడ్కర్ ఆ సంఘం కార్యదర్శి ఠక్కర్‌కు ఒక ఉత్తరం రాశాడు. 1945లో కాంగ్రెసు, గాంధీ గురించి రాసిన పుస్తకంలో దాన్ని పూర్తిగా అచ్చువేశాడు. దాని సారాంశం ఇది: అణగారిన జనాన్ని బాగుచేద్దామనేవాళ్లు రెండు రకాలు. మనిషి అధోగతిలో ఉన్నాడంటే వాడి దురలవాట్లే, వాడి నడతే కారణమనుకునేవాళ్లు ఒక రకం. వీళ్లు మద్యపాన నిషేధం, కసరత్తు, గ్రంథాలయం, బడి పెట్టి ఒక్కొక్కణ్ణి గుణవంతుణ్ణి చేద్దామంటారు. మనిషి చుట్టూ ఉన్న పరిస్థితే వాణ్ణి అలా ఉంచిందనేవాళ్లు రెండో రకం. తాను రెండో రకమని, సంఘం ముందు బావుల కోసం, బడుల కోసం, పనుల్లో సమాన అవకాశం కోసం ఊళ్లలో పోరాటం పెట్టాలని ఆయన చెప్పాడు. ఆ సూచనలకు దక్కిన ఫలితం మీద ఆయనే ఆ పుస్తకంలో తన అసంతృప్తి రాసుకున్నాడు.

మరి 1927లో నడవడిక మార్చుకోండన్నవాడు, 1932లో నడవడిక మార్చే కార్యక్రమం వద్దనడమేమిటి? మాట మార్చాడా? మాకలా తోచదు. మహాడ్‌లో ఆ మాట తనవాళ్ల మధ్య నిలబడి చెప్పాడు, మర్నాడు వాళ్లతో కలిసి చెరువులో చెయ్యి ముంచాడు. గుణం గురించి చెప్పిన మాటకూ చెరువు నీళ్లకూ మధ్య ఒక్క రాత్రే దూరం. సేవా సంఘం వాళ్లు మొదటి రోజు కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడుపుతారు, రెండోరోజు మాత్రం రానివ్వరు. తాగుడు మానితే మీకు గౌరవం దక్కుతుందని ఆశ పెట్టేది వాళ్లు. తాగుడు మానినా దక్కదు, అయినా మానండి, ఎందుకంటే చెరువు దాకా నడవాలి అన్నది మనవాడు. రెండూ ఒకే మాటలు. బరువు వేరు.

హైదరాబాదు సంగతి ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, తర్వాతి భాగ్యరెడ్డివర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. భజనలు, హరికథలు, వాటి మధ్యలో తాగుడు గురించి, బలుల గురించి, చదువు గురించి మాటలు. 1911లో అది మాన్య సంఘం అయింది. 1912 ప్రాంతంలో అరిగె రామస్వామి సునీత బాల సమాజం పెట్టాడు. ఆ పేరు చూడండి, సునీత! పిల్లలకు అక్షరం, పెద్దలకు కల్లు మానమని బోధ. ఈ ఉద్యమం పల్లెల్లో కాక నగరం బస్తీల్లో ఎందుకు పుట్టిందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెసిడెన్సీ ఇళ్లలో వంటమనుషులుగా, బట్లర్లుగా, రైల్వేలో, మిల్లుల్లో, కంటోన్మెంటులో పనికి కుదిరిన మాలలూ మాదిగలూ నెల జీతం చూసినవాళ్లు. భాగ్యరెడ్డివర్మ స్వయంగా ఒక బారిస్టరు ఇంట్లో పనికి ఉండి పైకొచ్చినవాడే. నెల జీతం ఉన్నవాడికి మొదటిసారి ఒక ప్రశ్న పుడుతుంది: ఈ డబ్బును ఏం చెయ్యాలి? కల్లు దుకాణమా, పలకాబలపమా? వెట్టిలో బతికే పల్లె మనిషికి ఆ ఎంపికే లేదు. మంచితనం ఎంచుకోవాలన్నా ఎంచుకునేందుకు కాస్త చోటు కావాలి.

నిజాం సర్కారు ఖజానాకు ఆబ్కారీ ఒక పెద్ద ఆదాయం. మనవాడు కల్లు ముంత దించితే ఇంటికి రెండు అణాలు మిగలడమే కాదు, సర్కారుకు, గుత్తేదారుకు రెండు అణాలు తగ్గుతాయి. పాత కుల పంచాయితీల్లో తప్పు చేసినవాడికి వేసిన జరిమానా చాలాచోట్ల పెద్దల కల్లుకే పోయేది. తీర్పు చెప్పేవాడు తీర్పు సొమ్ము తాగేవాడు. మాన్య సంఘం, 1920ల్లో ఆది హిందూ పేరుతో వచ్చిన సంఘం, ఈ పంచాయితీలనే పట్టుకున్నాయి. పెళ్లిళ్లలో తాగుడు, బాల్య వివాహం, తగాదాల తీర్పు, అన్నీ కొత్త పద్ధతిలో తెచ్చే ప్రయత్నం చేశాయి. బడులు పెట్టాయి. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు. ఇరవై ఏళ్లపాటు బస్తీ బస్తీ తిరిగి చేసిన పని లేకపోతే ఆ పేరు నిలిచేది కాదు. పేరు మార్చుకోవడం ఒక్కటే అయితే ఊళ్లోవాళ్లు నవ్వి ఊరుకునేవారు. రోజువారీ బతుకులో ఆ పేరుకు తగ్గట్టు నిలబడ్డవాళ్లు ఉన్నారు కాబట్టి అది నిలిచింది.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచముల సభ అని పిలిచినదాన్ని, మేం పంచములం కాము, ఈ దేశానికి మొదటివాళ్లం అని చెప్పి ఆది ఆంధ్ర సభగా మార్చారు. శుభ్రమైన బట్టలు కట్టి, తాగుడు మాని, తీర్మానాలు రాసి చదివే మనుషులు వచ్చారు. సంస్కృతీకరణ సిద్ధాంతం ప్రకారమైతే ఊరు వీళ్లను చూసి మురిసిపోవాలి. ఊళ్లో కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారు.

అయినా హైదరాబాదు ఉద్యమం చెప్పిన ప్రతి మాటనూ మేం నెత్తిన పెట్టుకోలేం. భాగ్యరెడ్డివర్మ మీద బ్రహ్మసమాజం, ఆర్యసమాజం నీడలు పడ్డాయి. వర్మ అన్న బిరుదే ఆర్యసమాజం నుంచి వచ్చింది. 1913 నుంచే బుద్ధ జయంతి జరిపిన మనిషి, అహింస పేరు మీద మాంసమే వద్దన్నాడు. పోశమ్మకు, మైసమ్మకు వేట కొయ్యడం అనాగరికమన్నాడు. చచ్చిన గొడ్డు వద్దనడం వేరు, మాంసమే వద్దనడం వేరు. మొదటిది వెట్టిని కాదనడం. రెండోది, ఆయన ఉద్దేశం ఏదైనా గానీ, పప్పన్నం తినేవాడి కొలబద్దను మన పళ్లెం పక్కన పెట్టడం. ఆ కొలబద్దకు మనం ఎప్పటికీ సరిపోం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు రాళ్లు పడ్డాయి, గొడవలయ్యాయి. మావాళ్లలోనే కొందరు పెద్దలు "మన నాయకులే మానమన్నారు కదా, మళ్లీ ఇదేమిటి" అని నొచ్చుకున్నారు. నాగపూర్‌లో చేయించిన 22 ప్రమాణాలు చూడమని మేం వాళ్లకు చెప్పాం. దొంగతనం చెయ్యను, అబద్ధమాడను, తాగను, వ్యభిచరించను, ప్రాణుల మీద దయతో ఉంటాను అని ఉన్నాయి. బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్ని కొలవను, శ్రాద్ధం పెట్టను, బ్రాహ్మడితో కర్మకాండ చేయించను అని కూడా అదే వరసలో ఉన్నాయి. ఏ మాంసం తినాలో తినకూడదో చెప్పే ప్రమాణం మాత్రం విడిగా లేదు. నీతికీ వంటింటికీ ముడి పెట్టే అలవాటు ఎవరిదో దీన్నిబట్టే తెలుస్తుంది. పెద్దలు ఒప్పుకున్నారని చెప్పలేం. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక ఆడవాళ్ల విషయం. మన భాషలో శీలం అంటే మగవాడికి ఒక అర్థం, ఆడదానికి ఇంకో అర్థం. మగవాడికి శీలం మొత్తం నడవడిక, ఆడదానికి ఒంటికి సంబంధించిన లెక్క. మన ఉద్యమాలు ఈ తేడాను పూర్తిగా దాటలేదు. 1927 డిసెంబరులో మనుస్మృతి తగలబెట్టిన మహాడ్ రెండో సభలో అంబేడ్కర్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడాడు. మోకాళ్ల పైకి కట్టే చీరకట్టు, ఒంటినిండా బరువైన నాసిరకం నగలు, ఇవన్నీ అంటరానివాళ్లని దూరం నుంచే గుర్తుపట్టడానికి ఉన్నవి, మార్చెయ్యండి అన్నాడు. ఆడపిల్లల్ని చదివించండి, తాగొచ్చిన మగాడికి అన్నం పెట్టకండి అన్నాడు. కొందరు అక్కడికక్కడే కట్టు మార్చుకున్నారు. చీరకట్టు మార్చుకోవడం వాళ్లకు ఎంత తెగింపో, ఊళ్లో వీధిన నడిచి వెళ్లాల్సింది వాళ్లే కాబట్టి వాళ్లకే తెలుసు.

1936 జూన్ 16న బొంబాయి దామోదర్ హాల్లో ఆయన మురళీలు, జోగతిలు, దేవదాసీలు ఉన్న సభలో మాట్లాడాడు. ఈ బతుకు వదిలి పెళ్లి చేసుకుని సంసారం పెట్టుకోండి, లేకపోతే మాతో రాలేరు అన్నది ఆ మాటల తాత్పర్యం. నాగపూర్ ప్రసంగంలో, ఆత్మగౌరవం గురించి చెబుతూ కామాటిపుర స్త్రీలతో పోల్చిన భాగం కూడా ఇలాంటిదే. మేం అంబేడ్కర్ మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాం. ఆ ఆడపిల్లల్ని దేవుడి పేరు మీద ఊరికి వదిలింది ఎవరు? ఊరి పెద్దలు. వాళ్ల దగ్గరికి రాత్రిళ్లు వచ్చింది ఎవరు? పగలు వాళ్ల నీడ తగలకూడదన్నవాళ్లే. నిజామాబాదు, మహబూబ్‌నగర్ పల్లెల్లో జోగిని, సీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ, పేరేదైనా పిల్ల మనది, పట్టం కట్టించింది వాళ్లు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం దీన్ని నిషేధించింది. ఆది హిందూ సంఘం అంతకు అరవై ఏళ్ల ముందే దీనికి ఎదురుతిరిగింది, అది చిన్న విషయం కాదు. కానీ ఉద్యమం ఆమెను మారమని అడిగినంత గట్టిగా, రాత్రి వచ్చిన దొరను నిలదీయలేకపోయింది. నిలదీసే బలం అప్పుడు లేదు, నిజమే. బలం లేనప్పుడు నీతి భారం మన ఇంట్లోని ఆడమనిషి మీద పడుతుందన్నది కూడా నిజమే.

ఈ బాకీ కొంత తీర్చింది నెల్లూరు జిల్లా ఆడవాళ్లు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో ఊరూరా పంపింది. తాగునీళ్లు రాని వాడకు సారా ఠంచనుగా వచ్చేది. అక్షరాస్యతా ఉద్యమంలో సీతమ్మ కథ అనే పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది. ఆడవాళ్లు వేలం పాటలు ఆపేశారు. ముందుకు నడిచినవాళ్లలో దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లే ఎక్కువ. వీళ్లు "మా మగాళ్లకు గుణం లేదు" అని కూర్చోలేదు. మా మగాణ్ణి తాగుబోతును చేసి ఆ డబ్బుతో రాజ్యం నడిపేవాడి గుణం ఏమిటని అడిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఖజానాకు గడవడం లేదన్నారు. కల్లు మానండని భజనలు పాడిన బస్తీ మనుషులకు, ఈ ఆడవాళ్లకు మధ్య ఎనభై ఏళ్ల దారి ఉంది. అది ఒకే దారి అని మా అభిప్రాయం. మన ఇంటి గడప దగ్గర మొదలై సర్కారు గడప దాకా వచ్చిన దారి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన కామందు గుణం దగ్గరికి ఒకసారి వద్దాం. ఆయన చెడ్డవాడని మేం అనడం లేదు. తన వాళ్లకిచ్చిన మాట తప్పడు. చుట్టం కూతురి పెళ్లికి సాయం చేస్తాడు, అబద్ధపు నోటు రాయడు. అదే మనిషి హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టిస్తాడు, రాత్రి నిద్ర చక్కగా పడుతుంది. ఈ వింతను అంబేడ్కర్ 1936లోనే పట్టుకున్నాడు. కులం వల్ల మంచితనానికి కూడా సరిహద్దులు ఏర్పడ్డాయని, హిందువుకు లోకమంటే తన కులమేనని "కుల నిర్మూలన"లో వాదించాడు. చివరి పుస్తకం "బుద్ధుడు - ధమ్మం"లో ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. దొంగల ముఠాకు కూడా లోపల్లోపల ఒక నీతి ఉంటుంది, వాటా సరిగ్గా పంచుకుంటారు. గుంపు లోపలి నీతి గుంపు బయటివాడికి ప్రమాదమే. అందరికీ ఒకటే అయినప్పుడే అది నీతి. ఇది మనకూ వర్తిస్తుంది, తప్పించుకోలేం. 1930ల మొదట్లో హైదరాబాదు మాదిగలు అరుంధతీయ పేరు మీద వేరే సంఘం ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో, ఆది హిందూ సంఘం నడిపిన మాలలు అప్పుడు తమను తాము అడుక్కోవాల్సింది. మొదటి మహాడ్ ప్రసంగంలోనే, మనలో మనకున్న ఎక్కువతక్కువలు వదలమని ఉంది కదా. మాంసం మానడం కంటే అది కష్టమైన పనిగా తేలింది.

స్టువార్టుపురానికి కారంచేడు ఎంతో దూరం కాదు, రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. 1985 జులై 16 సాయంత్రం కారంచేడు మాదిగపల్లె తాగే చెరువు దగ్గర ఇద్దరు కమ్మ యువకులు గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు కడిగారు. ఆ కడుగు నీళ్లు చెరువులో పడుతున్నాయి. కత్తి చంద్రయ్య అనే కుర్రవాడు అలా చెయ్యొద్దన్నాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త, మేం తాగే నీళ్లు కదా అని అడ్డం వెళ్లింది. మర్నాడు పొద్దున ఊరు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేసింది. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది.

ఆ రోజుల్లో పత్రికల్లో ఒక వర్గం రాసిన రాతలు మాకు గుర్తున్నాయి. మాదిగలు ఈమధ్య పొగరుబట్టారు, పెద్దాచిన్నా లేకుండా పోయింది, చదువుకున్న కుర్రాళ్లు మర్యాద మర్చిపోయారు అని. గుణం గురించే మళ్లీ. సువార్త తాగి రాలేదు, ఎవర్నీ తిట్టలేదు, ఎవరి సొమ్మూ ముట్టలేదు. పల్లెంతా తాగే నీళ్లు మురికి చెయ్యొద్దంది. చర్నాకోల ఎత్తి తన మీదికి వచ్చినప్పుడు తలొంచుకుని పక్కకు తప్పుకోలేదు. చేతిలో ఉన్న నీళ్ల బిందె ఎత్తింది.